గద్దనా సార్, పిల్లినా?



నాకు ఆరేడేళ్లప్పుడు ఇంట్లో నాకంటూ ఒప్పజెప్పిన పని ఒక్కటే. పొద్దుగూకే వేళ కోళ్లను కమ్మడం. కమ్మడమంటే తెలియని పట్నం శ్రోతలకు చెబుతున్నాను. పెద్ద వెదురు గంప బోర్లించి, పిల్లలకోడినీ దాని పిల్లల్నీ లోపలికి తోలి, గంప మీద ఓ రాయి పెట్టడం. ఎదిగిన కోళ్లతో పేచీ లేదు, చీకటి పడుతుంటే వాటంతటవే గూట్లోకి నడుస్తాయి. తంటా అంతా పిల్లలకోడితోనే.

జనగామకు ఎనిమిది మైళ్ల దూరంలో మా అమ్మమ్మ ఊరు. ఆ ఇంట్లో ఎడ్లు, బర్లు పెద్దవాళ్ల చేతి కింద ఉండేవి. మేకలను తోలుకపోవాలంటే పది పన్నెండేళ్లు రావాలి. ధాన్యం గుమ్మి జోలికి పోతే వీపు పగిలేది. ఇంటి ఆస్తిలో ఆరేళ్లవాడిని నమ్మి చేతికిచ్చేది కోడిని మాత్రమే. నాకు తెలిసి మన ఊళ్లలో ఏ ఇంట్లోనైనా అంతే.

గంప మీద రాయి పెట్టిన చప్పుడు వినగానే అమ్మమ్మ పొయ్యి కాడి నుంచే అడిగేది, "ఎన్నున్నయిరా?" అని. "అన్నీ ఉన్నయే" అంటే ఒప్పుకునేది కాదు. అంకె చెప్పాలి. కోడిపిల్లల్ని లెక్కపెట్టడం ఎంత కష్టమో పెట్టినవాళ్లకే తెలుసు. రెక్క కింద దూరింది అటు నుంచి బయటికొస్తుంది. ఒకటే రెండుసార్లు లెక్కకొస్తుంది. ఒకటి తల్లి వీపెక్కి కూర్చుంటుంది, దాన్ని ఎవరూ లెక్కపెట్టరు. బడిలో తీసివేతలు రాకముందే నాకు గంప కాడ వచ్చాయి. నిన్న పన్నెండు, ఇయ్యాల పదకొండు. కూడికలు మాత్రం ఏడాదికి రెండు మూడుసార్లే, కొత్త పిల్లలు దిగినప్పుడు.

చలికాలం మొదట్లో తూర్పు దిక్కున ఓ చిన్న చుక్కల గుంపు చూపించి "అగో పిల్లలకోడి" అనేది అమ్మమ్మ. కృత్తికా నక్షత్రాలకు మన జనం పెట్టుకున్న పేరది. వాటినీ లెక్కపెట్టమనేది. నాకు ఆరు కనిపించేవి, మా అక్కకు ఏడు. ఆ పంచాయితీ మా ఇద్దరి మధ్య ఇప్పటికీ తెగలేదు.

తర్వాత నేను పంతులునయ్యాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 దసరా నాడు వేరువేరు జిల్లాలయ్యాయి. నా నౌకరీలో ఎక్కువ భాగం మాత్రం ఇవన్నీ ఒకే వరంగల్ జిల్లా. బదిలీ అంటే ఆ కొస నుంచి ఈ కొసకు. మహబూబాబాద్ అని బోర్డు మీద ఉంటుంది, జనం నోట మానుకోటే. ఆ మానుకోట దిక్కు ఓ తండా బడిలో మూడో తరగతికి లెక్క చెబుతున్నాను. పిల్లలకు తెలిసిన వస్తువుతో చెప్పాలని మాకు శిక్షణలో నేర్పారు కదా, అందుకని కోళ్ల లెక్క చెప్పాను. "ఓ కోడికి పన్నెండు పిల్లలు. మూడు పోయినయి. ఎన్ని మిగిలినయి?"

తొమ్మిది, తొమ్మిది అని అరిచారు. వెనక గోడకు ఆనుకుని కూర్చున్న ఒకడు నోరు విప్పలేదు. లెక్కల్లో వెనకబడ్డాడని నా రిజిస్టర్‌లో గుర్తు పెట్టుకున్న పిల్లవాడే. లేపి నిలబెట్టాను. వాడు నన్నే ఎదురు అడిగాడు.

"గద్దనా సార్, పిల్లినా?"

పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాను. "ఏదైతే ఏందిరా?" అన్నాను. వాడు ఓపిగ్గా చెప్పాడు. గద్ద అయితే పగటిపూట వస్తది, దొరికింది తన్నుకపోతది. తల్లి మిగిలినవాటిని కంప కిందికి తోలుకపోతది. ఆ పొద్దుకు తొమ్మిదే. పిల్లి అయితే మాత్రం అట్ల కాదు సార్. దానికి గంప సందు దొరికింది. రేపు రాత్రి మళ్లా వస్తది, ఎల్లుండి వస్తది. సందు మూసేదాంక ఎన్ని మిగులుతయో చెప్పరాదు.

మూడు పోయాయి సరే, వాటిని ఏది తీసుకపోయింది? ఈ ప్రశ్న మా లెక్కల పుస్తకంలో లేదు. కోళ్లున్న ఇంట్లో పుట్టినవాడికి మాత్రం మొదట తోచేది అదే. నా రిజిస్టర్‌లో వాడి పేరు పక్కన పెట్టిన గుర్తును ఆ సాయంత్రం కొట్టేశాను. కోళ్ల దగ్గర పిల్లలేం నేర్చుకుంటారో చెప్పమని నన్ను ఈ పూట పిలిచారు. నేను చెప్పేదంతా ఆ తండా పిల్లవాడి ప్రశ్న చుట్టే తిరుగుతుంది.

చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నదేమంటే, ఆ తేడా పుంజుకూ తెలుసు. ఆకాశంలో గద్ద కనిపిస్తే అది సన్నగా, సాగదీసి ఒకే కూత కూస్తుంది. పిల్లో కుక్కో నేల మీద వస్తుంటే కట్‌కట్‌కట్ మని తెంపులు తెంపులుగా గోల పెడుతుంది. క్రిస్టఫర్ ఎవాన్స్, పీటర్ మార్లర్, వాళ్ల తోటివాళ్లు ఈ రెండు రకాల కూతలూ రికార్డు చేసి పెట్టలకు వినిపించారు. 1993లో ఆ పరిశోధన అచ్చయింది. అక్కడ గద్దా లేదు, నక్కా లేదు. ఉన్నది స్పీకరు మాత్రమే. అయినా మొదటి కూత వినగానే పెట్టలు చాటుకు ఉరికాయి, రెండోది వినగానే మెడలు నిక్కించి చుట్టూ చూశాయి. అంటే పుంజు ఊరికే భయమేసి అరవడం లేదు, వచ్చింది ఏదో చెబుతోంది. ఇది చదివి నేను ఆశ్చర్యపోయాను గానీ మా అక్కకు చెబితే "గిది కూడా పరిశోధననా?" అంది. మా చిన్నప్పుడు వాకిట్లో గోళీలాడుతూ, తల ఎత్తి చూడకుండానే, "గద్దొచ్చింది" అని కర్ర పట్టుకుని ఉరికేవాళ్లం. ఆ ఉరుకు పుంజు మాట విన్నందుకే.

ఇలా చూసీ వినీ పెద్ద శాస్త్రజ్ఞులైన పిల్లలున్నారు. నార్వేలో తోర్లీఫ్ షెల్డెరప్-ఎబ్బె అని ఒకాయన, 1894లో పుట్టాడు. చిన్నతనంలో ఇంటి కోళ్ల దగ్గరే పొద్దంతా గడిపేవాడు. ఏ కోడి ఏ కోడిని పొడుస్తోంది, ఏది తిరిగి పొడవకుండా పక్కకు తప్పుకుంటోంది అని పదేళ్ల వయసు నుంచే నోట్‌బుక్కులో రాసుకున్నాడు. మందలో ప్రతి కోడికీ ఓ స్థానం ఉందని, పైది కిందిదాన్ని పొడుస్తుందే తప్ప కిందిది పైదాన్ని పొడవదని తేల్చాడు. 1922లో దాన్ని శాస్త్రపత్రంగా అచ్చు వేశాడు. కంపెనీలు, ఆఫీసుల్లో ఎవరు ఎవరికి పైన అని మాట్లాడే ఇవాళ్టి మేనేజ్‌మెంట్ పుస్తకాలు కూడా పొడిచే వరస (పెకింగ్ ఆర్డర్) అనే ఆ కోళ్ల గూటి మాటనే వాడుకుంటాయి. అది ఒక పిల్లవాడి నోట్‌బుక్కులో మొదలైందని వాటిని చదివేవాళ్లలో ఎందరికి తెలుసో మరి.

దానికి తోకగా జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో సంగతి కనుక్కున్నారు. వెలుగు తెలియని గదిలో పెట్టినా పుంజు తెల్లవారే వేళకే కూస్తుందని, దానికి ఒంట్లోనే గడియారం ఉందని 2013లో చెప్పారు. 2015లో ఇంకో మాట చెప్పారు. నాలుగు పుంజులు ఒకచోట ఉంటే ముందు కూసేది పొడిచే వరసలో అన్నింటికంటే పెద్దది. మిగతావి, వాటి గడియారాలు ఏం చెబుతున్నా సరే, పెద్దది కూసేదాకా ఆగి వరసగా కూస్తాయి. మా ఊళ్లో నలుగురు అన్నదమ్ముల ఇంట్లో పొద్దున్నే ఎవరు ముందు మాట్లాడేవారో తెలిసినవాళ్లకు ఇందులో వింత ఏమీ కనిపించదు.

అలా కోళ్లను చూసి శాస్త్రజ్ఞులైన పిల్లల్లో ఇంకొకరు జేన్ గుడాల్. చింపాంజీల మధ్య జీవితం గడిపి 2025 అక్టోబరులో కన్నుమూసిన మహాతల్లి. నాలుగున్నరేళ్ల వయసులో ఆమెకు ఓ సందేహం వచ్చింది. అంత గుడ్డు బయటికి రావాలంటే కోడికి అంత రంధ్రం ఎక్కడుంది? పెద్దవాళ్లను అడిగితే సరైన జవాబు రాలేదు. దాంతో కోళ్ల గూట్లో గడ్డి చాటున చేరి, కదలకుండా, గంటల తరబడి కూర్చుంది. ఇంట్లోవాళ్లు వెతికి వెతికి పోలీసులకు కూడా చెప్పారు. చీకటి పడుతుండగా ఒళ్లంతా గడ్డితో ఆ పిల్ల పరుగెత్తుకొచ్చింది. తల్లి కొట్టలేదు, తిట్టలేదు. కూర్చోబెట్టుకుని గుడ్డు ఎలా వచ్చిందో పూర్తిగా చెప్పించుకుంది. ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ ఆ పిల్లను మెచ్చుకుంటారు. నేనైతే ఆ తల్లికి దండం పెడతాను. పిల్ల దొరికాక మొదటి చెంపదెబ్బ ఆపుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఇక పొదుగుడు సంగతి. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే కోడి పనుల్లో నాకు ఇష్టమైనది ఇదే.

నాటుపెట్ట పది పన్నెండు గుడ్లు పెట్టి పొదుగుకొస్తుంది. ఒళ్లు బిగబట్టి, ఈకలు నిక్కబొడుచుకుని, దగ్గరికి పోతే చేతిని పొడుస్తుంది. అప్పటిదాకా పెట్టిన గుడ్లను అమ్మమ్మ ఇసుక పోసిన మూకుడులో, చల్లటి మూలన దాచేది. వాటిని ఒక్కోటి ఎండకు ఎదురుగా పట్టి చూసి ఎంచేది. మొదటి గుడ్డుకూ చివరి గుడ్డుకూ రెండు వారాల తేడా ఉంటుంది కదా, మరి పిల్లలన్నీ ఒకే రోజు ఎలా వస్తాయి? ఈ ప్రశ్న ప్రతి పిల్లా అడుగుతుంది, అడగాలి కూడా. తల్లి కూర్చునేదాకా గుడ్డులో ఎదుగుదల ఆగి ఉంటుంది. వేడి తగిలిన రోజే అన్నింటికీ మొదటి రోజు. ఎండాకాలం గుడ్లు చెడిపోయేది కూడా అందుకే. తల్లి ఎక్కకముందే మన ఎండ సగం సగం పొదుగుతుంది.

మూడో రోజుకల్లా లోపల గుండె కొట్టుకుంటుంది. ఏడో రోజు రాత్రి, చీకట్లో, టార్చి లైటు మీద గుడ్డును నిలబెట్టి చూడండి. నడుమ ఓ నల్లటి చుక్క, చుట్టూ సాలెగూడులా ఎర్రటి నరాలు. చుక్క కదులుతుంది. భూపాలపల్లి దిక్కు పనిచేస్తున్నప్పుడు ఇది పిల్లలకు చూపించాను. అల్లరికి పేరుపడ్డ క్లాసు అది. ఆ చుక్క కదలగానే గది ఎంత నిశ్శబ్దమైందంటే బయట చింతచెట్టు కింద ఎవరో బిందె దించిన చప్పుడు వినిపించింది.

21 రోజులు తల్లి రోజుకు ఒక్కసారి దిగి గబగబా నాలుగు నూకలు, రెండు గుక్కల నీళ్లు మింగి మళ్లీ ఎక్కుతుంది. గుడ్లను ముక్కుతో దొర్లిస్తూ ఉంటుంది. దొర్లించకపోతే పిల్ల పెంకుకు అతుక్కుపోతుంది. 19, 20 రోజులకు గుడ్డు వెడల్పు కొసన ఉన్న గాలి గదిలోకి పిల్ల ముక్కు దూర్చి ఊపిరి తీసుకుంటుంది, అప్పుడే లోపలి నుంచి కియ్ కియ్ మంటుంది. తల్లి పైనుంచి గొంతులోనే బదులు పలుకుతుంది. పుట్టకముందే మాట్లాడుకుంటాయన్నమాట.

ఆ తర్వాత పెంకుకు చిన్న బీట పడుతుంది. ఇక్కడే పిల్లలకు అసలు పరీక్ష. బీట పడ్డాక పిల్ల బయటికి రావడానికి సగం రోజు పడుతుంది, ఒక్కోసారి రోజంతా పడుతుంది. చూస్తున్న పిల్లలకు చేతులు దురద పెడతాయి. పాపం, సాయం చేద్దామని గోటితో పెంకు ఒలుస్తారు. నేనూ ఒలిచాను. రక్తం వచ్చింది. పెంకు లోపలి పొర నరాలు అప్పటికింకా ఎండిపోలేదు, పచ్చసొన ఇంకా కడుపులోకి పూర్తిగా పోలేదు. సాయంత్రానికి ఆ పిల్ల చచ్చిపోయింది. అమ్మమ్మ ఆ రోజు లెక్క అడిగినప్పుడు, "పదకొండు" అన్నాను. "ఒకటేమాయె?" అంది. పిల్లి అని చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. "నేనే" అన్నాను. అమ్మమ్మ ఏమీ అనకుండా నా చేతులు కడిగించింది.

ఈ మాట గుర్తున్నందుకే 2019లో మిజోరంలోని సైరాంగ్ నుంచి వచ్చిన ఓ ఫొటో నన్ను నిలబెట్టేసింది. ఓ ఆరేళ్ల బాబు తన సైకిలు కింద పక్కింటి కోడిపిల్ల పడితే, ఒక చేతిలో దాన్ని, రెండో చేతిలో తన దగ్గరున్న 10 రూపాయల నోటును పట్టుకుని ఆసుపత్రికి పోయాడు. అది అప్పటికే చచ్చిపోయిందని వాడికి తెలియదు. దేశమంతా వాడి జాలి గుండెను మెచ్చుకుంది. నేను చూసింది ఆ నోటు. ఏది తీసుకపోయిందో వాడు దాచలేదు, ఖర్చు తనదేనని జేబు ఖాళీ చేసుకుని మరీ బయల్దేరాడు.

పెంకులోంచి వచ్చిన పిల్లకు కడుపులోకి చేరిన పచ్చసొన రెండు మూడు రోజుల తిండి. అందుకే ఆలస్యంగా వచ్చే వాటి కోసం తల్లి ఆగగలుగుతుంది. తర్వాత మాత్రం తిండి మన పూచీ. నూకలు ఒక్కటే చాలవు, పురుగు కావాలి. పాత కుండలో ఎండు పెండ, గడ్డి కూరి, నీళ్లు చిలకరించి, చెదలున్న చోట బోర్లిస్తే తెల్లారేసరికి కుండ నిండా చెదలు. దాన్ని వాకిట్లో దులిపితే చూడాలి ఆ సంబురం. పక్కా ఇల్లు కట్టుకున్నవాళ్లు చెదల మందుకు వేలు పోస్తున్నారు. చెదల కోసం కుండ పెట్టిన రోజులు గుర్తుచేస్తే మా కొడుకు నన్ను అనుమానంగా చూస్తాడు.

భూపాలపల్లి అడవి ఊళ్లలో ఇంటి కోడికీ అడవి కోడికీ మధ్య ఉన్నది ఒక కంచె మాత్రమే. ప్రపంచంలోని కోళ్లన్నీ ప్రధానంగా ఎర్ర అడవికోడి సంతానమేనని శాస్త్రజ్ఞుల మాట. వెనకట ఒకరు అడవికోడి గుడ్లు తెచ్చి ఇంటి పెట్ట కింద పెట్టారు. అది తప్పు, చట్టమూ ఒప్పదు, అప్పట్లో అడిగినవారు లేరు. పిల్లలైతే దిగాయి. తల్లి కొక్కొక్కొ మని పిలుస్తూనే ఉంది, అవి మాత్రం అలికిడైతే చాలు ఆకుల్లో మాయమయ్యాయి. నాలుగో రోజుకు ఒక్కటీ మిగల్లేదు. ఆ ఇంటి పిల్ల బడికొచ్చి చెప్పింది, "పిల్లి గాదు, గద్ద గాదు సార్. అడివే తోలుకపోయింది."

ఆ దిక్కు పనిచేస్తున్నప్పుడు ఒక మాట ముచ్చట కూడా దొరికింది. మనం కోడి అంటాం, తమిళులు, కన్నడిగులు కోళి అంటారు, గోండిలో కొర్. ఒకే గూటి పిల్లలు. బోర్డు మీద ఆ మాటలు పక్కపక్కన రాసిన రోజు అడవి ఊళ్ల పిల్లలు కొందరు నాతో మొదటిసారి మాట కలిపారు.

ఇప్పుడు బడికి గుడ్లు ట్రేలలో వస్తున్నాయి. మధ్యాహ్న భోజనంలో వారానికి మూడు. అంగన్‌వాడీ నుంచి ఇంటికీ ఇస్తారు. మంచిదే, వందసార్లు మంచిదే. పిల్లల కండ గుడ్డుతోనే. జనగామ దగ్గరి ఊళ్లో ఒక పాప అంగన్‌వాడీ గుడ్డును ఎవరికీ చెప్పకుండా వాళ్ల పెట్ట కింద పెట్టింది. 21 రోజులు రోజూ చూసింది. చుట్టూ ఉన్న గోధుమరంగు గుడ్లన్నీ పగిలాయి, తెల్ల గుడ్డు మాత్రం అలాగే ఉంది. ఏడ్చుకుంటూ నా దగ్గరికొచ్చింది. ఆ ఫారం కోడి పుంజును ఎన్నడూ చూడలేదమ్మా అని చెప్పాల్సి వచ్చింది. ఆ కోడి ఏడాదికి 300 పైచిలుకు గుడ్లు పెడుతుంది, మన నాటుది పెట్టేది 50, 60. కానీ పొదిగే బుద్ధి దానికి లేదు, మనిషే తరతరాలుగా ఏరి ఏరి తీసేశాడు. పొదుగుకొచ్చిన కోడి గుడ్లు పెట్టడం మానేస్తుంది కదా, అందుకని. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి కోసం తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు కూడా పొదుగుకు పనికిరావు. వాటి గుడ్లను నాటుపెట్ట కింద పెట్టాల్సిందే. ఇదంతా విని ఆ పాప, "అయితే దాని అమ్మ ఎవరు?" అంది. ఆ రోజు బడి గంట నన్ను కాపాడింది.

ఇక తెగులు. గద్ద ఒకటి తీసుకపోతుంది, పిల్లి నాలుగు తీసుకపోతుంది. కొక్కెర తెగులు గూడంతా తీసుకపోతుంది. పశువుల డాక్టర్లు రాణిఖేత్ అంటారు, అది ఉత్తరాఖండ్‌లో ఓ కొండ ఊరి పేరు. పచ్చగా పారుకోవడం, నోరు తెరిచి గురక, మెడ మెలి తిరగడం. రాత్రి కమ్మిన కోళ్లు పొద్దున గంప ఎత్తితే లేవవు. పిల్లకు ఐదు నుంచి ఏడు రోజుల వయసులో కంట్లోనో ముక్కులోనో ఒక్క టీకా చుక్క, రెండు నెలలకు రెక్క కింద సూది. ఈ రెండూ వేయిస్తే ఆ పొద్దున చాలా ఇళ్లకు రాదు. మందు చల్లగా ఉండాలి, ఐసుగడ్డల డబ్బాలోనే తేవాలి. చుక్క వేసేటప్పుడు కోడిపిల్లను పట్టుకునే పని పిల్లలకే ఇవ్వండి, వాళ్ల వేళ్లకే ఆ మెత్తదనం వస్తుంది. తర్వాత సబ్బుతో చేతులు కడిగించండి. బర్డ్ ఫ్లూ మాట వినబడుతున్న రోజులివి, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో ఏమైందో చూశాం. చచ్చి పడిన కోడిని పిల్లల్ని ముట్టనివ్వద్దు, పశువైద్యశాలకు కబురు చేయండి.

ఇప్పుడు అందరూ దాటవేసే సంగతి. కోడిని కోయడం.

పోచమ్మకు కోయాలి. ఇంటికి అల్లుడొస్తే కోయాలి. మేడారంలో సమ్మక్క తల్లి వచ్చేటప్పుడు ఎదురుకోళ్లతోనే స్వాగతం. ఇక్కడి పిల్లలకు కోడి అంటే చేతిలో పెరిగేదీ, గిన్నెలో ఉడికేదీ రెండూ. పట్నంలో చదివిన తల్లిదండ్రులు ఈ మధ్య ఒక పద్ధతి పట్టారు. పిల్లను పక్కింటికి పంపించి కోయడం, "నీ కోడి తప్పిపోయిందమ్మా" అనడం. పిల్ల సాయంత్రమంతా గడ్డివాముల వెంట వెతుకుతుంది. ఇది నాకు నచ్చదు. ఆ రోజు కూర తినకపోతే తినకపోనివ్వండి. నా క్లాసులో ఒక ఆడపిల్ల తను పెంచిన జుట్టుకోడిని కోశారని మూడేళ్లు మాంసం ముట్టలేదు, నాలుగో ఏడు తనంతట తనే తిన్నది. రెండింటికీ ఎవరూ చావలేదు. లెక్కలో అబద్ధం చెబితే మాత్రం ఆ పిల్ల రేపటి నుంచి ఎవరి లెక్కను నమ్మాలి?

మా అమ్మమ్మ అంత గట్టిగా అంకె ఎందుకు అడిగేదో నాకు పెద్దయ్యాక తెలిసింది. ఆమె కాపురానికొచ్చింది నిజాం రోజుల్లో, వెట్టి నడుస్తున్న కాలంలో. ఊళ్లోకి ఏ అధికారి వచ్చినా, దొర ఇంటికి ఏ చుట్టం వచ్చినా ఇల్లిల్లూ తిరిగి కోళ్లు పట్టుకపోయేవాళ్లు. పైసా లేదు, అడిగే నోరు లేదు. గౌండ్ల ఇంటి కల్లు, గొల్లల ఇంటి మేక, అందరిండ్ల కోడి. కబురు ముందే తెలిస్తే అమ్మమ్మ కోళ్లను గంప కింద కమ్మి, గంప మీద గొంగడి కప్పేదట. చీకటైందనుకుని కోడి కిక్కురుమనదు. ఒకసారి తొందరలో ఒక పెట్ట బయటే ఉండిపోయింది. అది గంప చుట్టూ తిరుగుతూ పిల్లల కోసం అరిచింది. వచ్చినవాళ్లు దాన్నీ పట్టుకపోయారు, గొంగడి తీసి కింద ఉన్నవాటినీ పట్టుకపోయారు.

అందుకే ఎన్నున్నయో, ఏది ఎక్కడుందో చీకటి పడకముందే ఆమెకు తెలియాలి. పోచమ్మకు ఇచ్చిన కోడిని ఆమె ఎన్నడూ పోయినదాంట్లో కలపలేదు, "అది ఇచ్చింది" అనేది. ఆ వెట్టి మీద తిరగబడిన పోరాటంలో 1946 జులై 4న కడవెండిలో సంగం మనిషి దొడ్డి కొమురయ్య తూటాకు కూలిపోయాడు. ఇవాళ ఆ ఊరు జనగామ జిల్లాలో ఉంది. ఆ పోరాటం గురించి పుస్తకాల్లో భూముల లెక్కలుంటాయి, ధాన్యం లెక్కలుంటాయి. మా అమ్మమ్మ చెప్పే పోరాటం మాత్రం ఒక్క మాటే. "సంగమొచ్చినంక మన కోడి మన గంప కిందనే పండింది బిడ్డా."

నౌకరీ అయిపోయాక మళ్లీ నాలుగు కోళ్లు పెంచుతున్నాను. హనుమకొండలో మూడో తరగతి చదివే మనవరాలు సెలవులకు వచ్చింది. సాయంత్రం లెక్క దానిదే. మొన్న సాయంత్రం కమ్మేటప్పుడు పిల్లలు పదకొండు, నిన్న సాయంత్రం కమ్మేటప్పుడు పది. గద్ద అన్నాను నేను, మధ్యాహ్నం చింతచెట్టు మీద తిరుగుతుంటే చూశాను కాబట్టి. "కాదు తాతా, నేను పొద్దంత వాకిట్లనే ఉన్న. పుంజు గా సన్న కూత కుయ్యనే లేదు. పిల్లే" అంది. గంప అంచున సందుకు ఇటుక అడ్డం పెట్టింది. గంప చుట్టూ పొయ్యిలోని బూడిద చల్లింది. పిల్లి వస్తే పొద్దున అడుగులు కనబడతాయట.

ఈ ప్రసంగం రికార్డు చేయడానికి వరంగల్ బస్సెక్కే ముందు, తెల్లవారుజామున, చీకట్లోనే పోయి చూశాను. మనవరాలి కంటే ముందు నేనే చూడాలని. కాసేపటికి మనవరాలు టార్చి వేసి చూస్తే బూడిద మీద చుట్టూ నా చెప్పుల గుర్తులే ఉన్నాయి. బాగా తిట్టింది. ఇవాళ రాత్రి మళ్లీ చల్లుతుంది. నన్ను అటు దిక్కు రావద్దంది.